ఉల్లిపాయ విడగొట్టిన కాపురం

‘డోంట్ చేంజ్ యువర్ హజ్బెండ్’ 1919లో విడుదలైన అమెరికన్ మూకీ చిత్రం. మొగుణ్ణి మార్చొద్దని పేరులోనే హితవు. దర్శకుడు సెసిల్ బి. డెమిల్, రచయిత్రి జీనీ మెక్‌ఫర్సన్. ఇందులో భర్త పోర్టర్ జిగురు తయారీలో బాగా గడించిన ఆసామి. అతని సరుకు దేన్నైనా అతికిస్తుంది, సొంత కాపురాన్ని తప్ప.

భార్య లీలా ఫిర్యాదులు చిన్నవే. పోర్టర్ ఉల్లిపాయలు తింటాడు, ఆ నోటితోనే దగ్గరికొస్తాడు. చుట్ట బూడిద తివాచీ మీద రాలుస్తాడు. పెళ్లిరోజు మరిచిపోతాడు. ఒళ్లు పెంచాడు, బట్టల మీద శ్రద్ధ వదిలేశాడు. తాగుబోతు కాడు, తిరుగుబోతు కాడు, చెయ్యి చేసుకునే రకం అసలే కాడు. చిక్కంతా అక్కడే ఉంది. పెద్ద తప్పు చేసిన మొగుడి మీద పంచాయితీ పెట్టొచ్చు, ఉల్లిపాయ తిన్నాడని ఎవరితో చెప్పుకుంటుంది?

మూకీ చిత్రానికి ఇది గడ్డు పరీక్ష. తెర మీది ఉల్లి వాసన హాల్లోకి రాదు. ప్రేక్షకుడికి దొరికే సాక్ష్యమల్లా లీలా వేషం వేసిన గ్లోరియా స్వాన్సన్ ముక్కు. చిత్రం తీసేనాటికి పంతొమ్మిదేళ్లు దాటని ఆ అమ్మాయి, విసిగిపోయిన ఇల్లాలి బరువంతా ఆ ముక్కు మీదే మోసింది. నిజానికి ఇలాంటి కథకు మాటల్లేకపోవడం మేలే చేసింది. గట్టిగా పోట్లాడుకుంటే దానికి టైటిల్ కార్డులు రాయాలి. అలకకు అవేమీ అక్కర్లేదు.

ఈ సందులో స్కైలర్ అనే సొగసుకాడు దిగుతాడు. సుఖం, సంపద, ప్రేమ అన్నీ ఇస్తానంటాడు. ఆ మాటల్ని డెమిల్ వైభవమైన కలల దృశ్యాలుగా తీశాడు. లీలా విడాకులు తీసుకుని అతణ్ణి పెళ్లాడుతుంది. కొత్త మొగుడు జూదరి, పైగా పరాయి ఆడదాని వెంట పడే రకమని తేలడానికి ఎంతో కాలం పట్టదు. అవతల పోర్టర్ మీసం తీసేసి, ఒళ్లు తగ్గించి, కొత్త సూట్లు వేసుకుని పెళ్లికొడుకులా తయారవుతాడు. చివరికి లీలా పాత గూటికే చేరుతుంది. మొగుణ్ణి మార్చొద్దని పేరు పెట్టారు గాని, మొగుడు మారితే తప్ప కథ తేలలేదు.

డెమిల్ 1918లోనే ‘ఓల్డ్ వైవ్స్ ఫర్ న్యూ’తో ఈ వరస మొదలుపెట్టాడు. 1920లో ‘వై చేంజ్ యువర్ వైఫ్?’ వచ్చింది. భార్య మళ్లీ స్వాన్సనే, భర్త థామస్ మీగన్. ఈసారి తప్పు భార్యది: కళ్లద్దాలు పెట్టుకుంటుంది, నీతులు చెబుతుంది, ఉన్నతమైన సంగీతం వినమంటుంది. ఆయనకేమో డాన్సు పాటలు కావాలి. గ్రామఫోను రికార్డుల మీద జరిగే ఈ తగువులో ప్రేక్షకుడికి ఒక్క స్వరమూ వినపడదు. విడాకులయ్యాక ఆమె ఫ్యాషన్ బట్టలు కట్టి మెరిసిపోతుంది. అతను అరటి తొక్క మీద కాలుజారి, దెబ్బలతో మళ్లీ ఆమె ఇల్లు చేరతాడు. ఉల్లిపాయ విడగొట్టడం, అరటిపండు కలపడం చూస్తే, డెమిల్ లోకంలో కాపురాలు కూరగాయల బజారు మీద ఆధారపడి నడిచాయనిపిస్తుంది.

తూకం మాత్రం సమంగా లేదు. మగవాడు కాస్త ఒళ్లు తగ్గించి శుభ్రంగా ఉంటే చాలు. ఆడది తన అభిరుచినే అటకెక్కించాలి. ఇద్దరికీ డబ్బుకు కొదవ లేదు కాబట్టి విడాకులు కొత్త బట్టలు కొన్నంత తేలిగ్గా అయిపోతాయి. జనం టిక్కెట్టు కొన్నదీ ఆ బట్టలు, ఆ భవనాలు, ఆ విలాసాలు చూడ్డానికే. పాపం సినిమా పొడుగునా సాగుతుంది, పశ్చాత్తాపం చివరి రీల్లో హడావుడిగా ముగుస్తుంది. సరుకెరిగిన వ్యాపారి డెమిల్. తర్వాత ‘టెన్ కమాండ్‌మెంట్స్’ను 1923లో ఒకసారి, 1956లో మరోసారి తీసింది కూడా ఈయనే.

1902లో కాన్‌స్టాన్స్ ఆడమ్స్‌ను పెళ్లాడిన డెమిల్, 1959లో పోయేదాకా ఆ కాపురంలోనే ఉన్నాడు. ఆయన పాఠాన్ని భార్య వేషంలో తెర మీద రెండుసార్లు అప్పజెప్పిన స్వాన్సన్ జీవితంలో ఆరు పెళ్లిళ్లు చేసుకుంది.