హీటరుగారి అలక

మా ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ ఉంది. ఉందని చెప్పుకోవడానికే ఉంది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఈ ఇల్లు కొన్నప్పుడు, అద్దెకు దిగిన ఇంట్లో పాత బీరువా మిగిలినట్టు, ఇంటితో పాటు అదీ వచ్చింది. ఆగస్టులో అందులో దిగితే చారులో దిగినట్టుంటుంది. డిసెంబరులో కాలు పెడితే బయటికి తీశాక అన్ని వేళ్ళూ ఉన్నాయో లేదో లెక్క చూసుకోవాలి. ఏప్రిల్‌లో దిగాలంటే మాత్రం హీటరు వెయ్యాల్సిందే.

మొన్న ఏప్రిల్‌లో మా అమ్మాయికి పదేళ్ళు నిండాయి. శనివారం పూల్ పార్టీ, పన్నెండు మంది పిల్లలు. బుధవారం సాయంత్రం చేతులు దులుపుకుని వెళ్ళి హీటరు మీట నొక్కాను. బ్లోయరు గుయ్యిమంది. లోపల ఎర్రగా వెలుగు కనిపించింది. భగ్గుమంది. ఆరేడు సెకన్లకి టప్పున ఆరిపోయింది. మళ్ళీ గుయ్యి, మళ్ళీ భగ్గు, మళ్ళీ టప్పు. మూడోసారి కూడా అంతే. తెర మీద ‘ఇగ్నిషన్ ఫెయిల్యూర్’ అని రాసి, ఇక నన్ను పలకరించకు అన్నట్టు మౌనం పట్టింది.

వెనక నించుని చూస్తున్న మా మావయ్యగారు నవ్వారు. “మీ పోలికేనండీ అల్లుడుగారూ. అలకపాన్పు మీద డిజిటల్ కెమెరా అడిగి, మూడుసార్లు బతిమాలాక ఇక మాట్లాడటమే మానేశారు, గుర్తుందా?”

గుర్తులేకేం, 2005 నాటి సంగతి. కెమెరా ఇచ్చారు కూడా. ఎత్తిపొడవడానికి ఇరవై ఏళ్ళుగా వాడుకుంటున్నారు.

మావయ్యగారిది తెనాలి దగ్గర పల్లెటూరు. కరెంటు డిపార్టుమెంటులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆర్నెల్లకని అమెరికా వచ్చేటప్పుడు అత్తయ్యగారు ఆవకాయ, గోంగూర, కందిపొడి సర్దుకుంటే, ఆయన చొక్కా మడతల్లో తన టెస్టర్ పెట్టుకొచ్చారు. హీటరు ఆరిపోయిన ఆ రాత్రి ఆయన అడిగింది ఒకటే ముక్క: “ఎర్తింగ్ చూశారా?”

“ఇది అమెరికా మావయ్యగారూ. ఇక్కడ అన్నీ కోడ్ ప్రకారమే ఉంటాయి,” అన్నాను. ఈ వాక్యాన్ని నేను తర్వాత చాలాసార్లు మింగాల్సి వచ్చింది.

అసలీ హీటరు వెలిగే తంతు రెండు ముక్కల్లో చెప్పకపోతే నా బాధ మీకు తెలియదు. మీట నొక్కగానే మంట వచ్చేస్తే అది పొయ్యి. ఇది అలా కాదు. నీళ్ళు సరిగ్గా పారుతున్నాయని ముందు ప్రెషర్ స్విచ్చి ఒప్పుకోవాలి. ఎక్కడా అతిగా వేడెక్కలేదని లిమిట్ స్విచ్చిలు తలూపాలి. లోపల గ్యాసేమైనా మిగిలి ఉంటే బ్లోయరు ఊడ్చెయ్యాలి. గాలి నిజంగానే వీస్తోందని ఇంకో స్విచ్చి సాక్ష్యం చెప్పాలి. అప్పుడు ఇగ్నైటరు కొలిమిలో ఇనుములా కాగుతుంది, అప్పుడు వాల్వు తెరుచుకుని గ్యాసు వస్తుంది. మంట వచ్చాక కూడా పని పూర్తికాదు. వచ్చిందని బోర్డుకి నమ్మకం కుదరాలి. కొన్ని సెకన్లలో నమ్మకం కుదరకపోతే గ్యాసు కట్టేస్తుంది. మూడుసార్లు చూసి తలుపు మూసేస్తుంది. ఈ చివరి మెట్లలో తప్పు ఎక్కడ జరిగినా తెర మీద పడే పేరు మాత్రం ఇగ్నిషన్‌దే.

ఇంత పట్టుదల దేనికంటే, ఇది మామూలు మంట కాదు. వేడిని బీటీయూల్లో కొలుస్తారు; మాది గంటకి 4,00,000 బీటీయూల హీటరు. వంటింటి బర్నరు ఒక్కోటి పది వేలు అనుకున్నా, నలభై పొయ్యిలు ఒక్కసారిగా వెలిగించినంత. అలాంటిచోట మంట లేకుండా గ్యాసు మాత్రం వస్తూ ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి దాని అనుమానానికి అర్థం ఉంది. ఆ రాత్రి నాకు ఆ అర్థం కనిపించలేదనుకోండి.

నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ణి. ‘ఇగ్నిషన్ ఫెయిల్యూర్’ అంటే ఇగ్నైటరు పోయిందనే అర్థమని తీర్పు ఇచ్చేసి, గురువారం పొద్దున్నే తొంభై డాలర్లు పెట్టి కొత్తది తెచ్చాను. దాన్ని చేత్తో ముట్టుకోకూడదు, చేతి జిడ్డు అంటితే కాగినప్పుడు పగులుతుందని చదివి, అత్తయ్యగారి వంటింటి పట్టకారుతో ఆపరేషన్ చేశాను. మళ్ళీ గుయ్యి, భగ్గు, టప్పు.

“ఏమండీ, పాతది కూడా ఎర్రగానే వెలిగిందిగా, పోయిందని ఎవరు చెప్పారు?” అంది మా ఆవిడ. ఇలాంటి ప్రశ్నలు కొనకముందు అడగరు.

ఆ మధ్యాహ్నం ఇంకో అపశకునం. ఈసారి బ్లోయరు కూడా తిరగలేదు. ఫ్లో తక్కువ అంది. తీరా చూస్తే ఫిల్టరు నిండా లైవ్ ఓక్ చెట్టు రాల్చిన పూత. ఏప్రిల్ వస్తే టెక్సాస్‌లో ఈ చెట్లు గోధుమరంగు దారప్పోగుల్లాంటి పూతను ఊరందరి నెత్తిన పోస్తాయి. ఫిల్టరు కడిగాను. ఒక అలక తీరి, మొదటి అలకకి తిరిగి వచ్చాం.

సాయంత్రం మెకానిక్ వచ్చాడు. పన్నెండు నిమిషాలు చూశాడు. హీటరుకి వయసైపోయింది, కొత్తది వేసుకోండి, వచ్చే మంగళవారం బిగిస్తాను అన్నాడు. నూట నలభై డాలర్లు పుచ్చుకున్నాడు. మావయ్యగారు ఆ అంకెను రూపాయల్లోకి మార్చుకుని కాసేపు కుర్చీలోంచి లేవలేదు.

లేచాక టెస్టర్ తీశారు. తీసుకెళ్ళి గ్యాస్ వాల్వు తీగ మీద పెట్టారు. వెలగలేదు. “కరెంటే లేదండీ ఇందులో!” అన్నారు విజయగర్వంతో. అది ఇరవై నాలుగు వోల్టులు, మీ టెస్టర్‌లో నియాన్ దీపం వెలగాలంటే అరవై, డెబ్భై వోల్టులైనా కావాలి అని చెప్పాను. ఆయన టెస్టర్‌నీ వాల్వునీ మార్చి మార్చి చూశారు. “ఇరవై నాలుగా? దాన్ని కరెంటు అంటారా?”

అప్పుడు నేనొక పొరపాటు చేశాను. అంతకంటే చిన్న కరెంటు గురించి చెప్పాను.

ఫ్లేమ్ సెన్సారంటే మంటలో నిలబడే సన్నటి కడ్డీ. మంటలోంచి కరెంటు పారుతుంది. కడ్డీకి ఏసీ ఇస్తే, ఒకవైపు పుల్లంత కడ్డీ, రెండోవైపు ఎర్తు అయిన పెద్ద బర్నరు కాబట్టి, కరెంటు ఒక దిక్కుకే ఎక్కువగా పోతుంది. ఆ తేడాని చూసి బోర్డు ‘మంట ఉంది’ అని నమ్ముతుంది. ఎంత కరెంటనుకున్నారు? కొద్ది మైక్రో ఆంపులు. మైక్రో ఆంపంటే ఆంపులో పది లక్షలో వంతు.

సర్వీసంతా ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర వందల ఆంపులు చూసిన మనిషి. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు: “మంట వెలుగుతోంది. వెలిగినట్టు దానికి తెలియట్లేదు. కడ్డీ అయినా మసి పట్టి ఉండాలి, ఎర్తయినా పోయి ఉండాలి. నేను బుధవారమే అడిగాను.”

శుక్రవారం పొద్దున్న బ్రేకరు ఆపి, గ్యాసు కట్టేసి, కడ్డీ తీసి స్టీలు పీచుతో తోమాం. మీటరు పెట్టి చూస్తే మునుపు 0.3 మైక్రో ఆంపులు, తోమాక 0.4. ఆ లాభం ఏ మూలకీ చాలదు. మళ్ళీ అన్నీ ఆపి, ఈసారి మావయ్యగారు మోకాళ్ళ మీద కూర్చుని, పక్క పలక విప్పించి, సెల్‌ఫోన్ లైటు వేసి, ఆకుపచ్చ ఎర్తు తీగను పట్టుకుని దాని వెంట వేలు పోనిచ్చారు. హీటరు ఒంటికి బిగించిన మర దగ్గర వేలు ఆగింది. మర చుట్టూ గోరింటాకు పెట్టినట్టు తుప్పు. తీగ కొసన ఉన్న రింగు మరకి ఆనినట్టే ఉంది కానీ ఆనలేదు. వేలితో కదిపితే ఊగింది.

ఇక్కడే తుప్పెందుకని చుట్టూ చూశాం. గడ్డికి నీళ్ళు చిమ్మే స్ప్రింక్లరు ఒకటి రోజూ తెల్లవారుజామున గడ్డిని వదిలేసి నేరుగా హీటరు డొక్కలోకి కొడుతోంది. ఎన్నాళ్ళనుంచో తెలియదు. నేను ఆ వేళకి ఎప్పుడు లేచాను గనక.

మావయ్యగారు మెల్లిగా లేచి పంచె దులుపుకున్నారు. “ఎండాకాలం వస్తే మేం ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తు గుంతల్లో బిందెలతో నీళ్ళు పోయించేవాళ్ళం. ఉప్పూ బొగ్గూ వేసి మరీ. ఎర్తు బతకాలని నీళ్ళు పోసేవాళ్ళం. నీళ్ళు పోసి ఎర్తుని చంపినవాళ్ళని మిమ్మల్నే చూశాను.”

మర తీసి, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, కొత్త రింగు వేసి బిగించాం. గుయ్యి. ఎరుపు. భగ్గు. పది సెకన్లు. ముప్ఫై. నిమిషం. మీటరులో 3.2. మావయ్యగారు మీటరు వంక చూడలేదు; నా వంక చూశారు. అదింకా కష్టం.

మా పూల్‌లో 15,000 గ్యాలన్ల నీళ్ళు. ఒక్క డిగ్రీ ఫారెన్‌హీట్ పెరగాలంటే సుమారు 1,25,000 బీటీయూలు కావాలి. 64 నుంచి 84కి తేవడానికి లెక్క ప్రకారం ఆరు గంటల పైచిలుకు, రాత్రి చలికి పోయేది పోగా పదకొండు పట్టింది. శనివారం పన్నెండు మంది పిల్లలూ వెచ్చటి నీళ్ళలో దూకి, పాతిక నిమిషాలు ఆడి, పిజ్జా వచ్చిందనగానే లోపలికి పరుగెత్తి మళ్ళీ బయటికి రాలేదు. ఆ తర్వాత పూల్‌లో ఉన్నది మావయ్యగారొక్కరే, మెడలోతు నీళ్ళలో, కార్తీక స్నానానికి దిగినంత నిష్ఠగా. “అల్లుడుగారూ, ఇంకో రెండు డిగ్రీలు పెంచుతారా?”

పెంచాను. వారం తిరక్కుండా స్ప్రింక్లరు మూతి గడ్డి వైపు తిప్పించాను. పాత ఇగ్నైటరు, ఏ లోపమూ లేనిది, గరాజ్‌లో అట్టపెట్టెలో ఉంది. కావలసినవాళ్ళు వచ్చి పట్టుకుపోవచ్చు; వచ్చేటప్పుడు పట్టకారు తెచ్చుకోండి, మాది అత్తయ్యగారు తిరిగి ఇవ్వమంటున్నారు.