తోడు లేని పెరుగు

బడిపుస్తకం ఒక్కటే మాట నేర్పింది: ఘనీభవించు. వంటింటికి ఆ మాట తెలీదు. అక్కడ పాలు తోడుకుంటాయి, నెయ్యి పేరుకుంటుంది, పాకం ముదురుతుంది. గడ్డకట్టేది నెత్తురు. విశాఖలో అదీ చూశారు. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కావాలన్న పాపానికి రాష్ట్రంలో 32 ప్రాణాలు పోయాయి.

ఇక ఆ ఫ్యాక్టరీ వెలసిన ఉక్కునగరం రండి. స్టీల్ మెల్టింగ్ షాపులో కరిగిన ఉక్కును నీళ్లతో చల్లబరిచే రాగి మూసలోకి వదులుతారు. ముందు పైపొర గట్టిపడుతుంది, లోపల ఇంకా ద్రవమే. ఆ పొర చిట్లిందా, లోపలిదంతా బయటికి తన్నుకొస్తుంది. దీన్ని షాపులో బ్రేకౌట్ అంటారు. ఢిల్లీలో గట్టి హామీ అంటారు.

1971 జనవరి 20న ఇందిరాగాంధీ విశాఖ ఉక్కుకు శంకుస్థాపన చేశారు. 1992లో ఫ్యాక్టరీ జాతికి అంకితమైంది. సొంత ఇనుప గని మాట మాత్రం నేటికీ జావే. ఖనిజం బైలదిల్లా గనుల నుంచి, ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ దగ్గర కొనుక్కోవాలి. పాలు కాచారు, గోరువెచ్చగా చల్లార్చారు, గిన్నెలో పోశారు, తోడు వేయడం మరిచారు. తెల్లారాక మూత తీసి, పెరుగు కాలేదే, నష్టమొచ్చిందే అని గుండెలు బాదుకుంటున్నారు!

ఏలినవారి దగ్గర అన్నీ ఇంత నిదానమనుకునేరు. ఫ్యాక్టరీని నూటికి నూరు పాళ్లూ అమ్మేయాలన్న మాట 2021 జనవరి 27న, ఒకే ఒక్క మంత్రివర్గ కమిటీ భేటీలో, చటుక్కున గట్టిపడింది. ఏ మూసలో పోశారో మరి! అప్పులకైతే మూసా అక్కర్లేదు, తోడూ అక్కర్లేదు. వాటంతటవే పేరుకున్నాయి.

2025 జనవరిలో ఫ్యాక్టరీకి 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. మంచిదే, కాదనను. డబ్బిచ్చారు, గని ఇవ్వలేదు. అంటే అదే గిన్నెలో మళ్లీ పాలే పోశారు.

బడిపుస్తకం దాచిన ముక్క ఇంకొకటుంది. మంటాగిన బ్లాస్ట్ ఫర్నేసు అడుగున ఇనుము గడ్డకడితే అది మంచుగడ్డలా కరిగిపోదు, పగలగొట్టి తవ్వుకోవాల్సిందే. విశాఖ ఉక్కుకు ఫర్నేసులు మూడు: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. నెలల తరబడి పస్తు పడుకున్నది అన్నపూర్ణే.