తప్పు కాసే ఐరన్లు వద్దన్నాను

గోల్ఫ్‌లో స్వింగ్ చెడిందని నాకు బాధ లేదు. స్వింగ్ ఎవరికైనా చెడుతుంది, నలభై దాటాక ఆట పట్టినవాడికి ఇంకా చెడుతుంది. నన్ను వదలని బాధ వేరు. ఎవరూ బలవంతపెట్టకుండానే, వద్దన్నవాళ్ల మాట వినకుండా, ఏరికోరి నా చేతికి సరిపడని ఐరన్లు కొన్నాను. కొన్నది సరైనదేనని నన్ను నేను ఒప్పించుకోవడానికి వాటితోనే ఏళ్లు లాగాను. మా అబ్బాయిని కూడా అందులోకి దించాను. ఇదంతా ఇప్పటికైనా నాకు నేను చెప్పుకోవాలి.

మేముండేది టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో. ఇక్కడ తెలుగువాళ్లు ఎంతమందో చెప్పక్కర్లేదు. పీజీఏ ఆఫ్ అమెరికా 2022లో తన ప్రధాన కార్యాలయాన్ని ఫ్లోరిడా నుంచి ఈ ఊరికి మార్చింది. మరుసటి ఏడాది అక్కడే ఫీల్డ్స్ రాంచ్ పేరుతో రెండు పెద్ద కోర్సులు తెరిచారు. అంతవరకూ మా శనివారాలు క్రికెట్‌తోనో, ఎవరో ఒకరింటి భోజనాలతోనో గడిచేవి. తర్వాత గుళ్లో, పిల్లల పుట్టినరోజుల్లో, ఆఫీసు కారిడార్లో ఎక్కడ చూసినా గోల్ఫ్ మాటే. నేనూ దిగాను.

మా తోడల్లుడు అంతకు చాలాముందు నుంచే ఆడుతున్నాడు. ఆయన బ్యాగులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత పింగ్ ఐ 2 ఐరన్లు ఉంటాయి. నేను సెట్ కొంటున్నానని తెలిసి ఇంటికొచ్చాడు.

"తమ్ముడూ, కావిటీ బ్యాక్ తీసుకో. కింద సోల్ వెడల్పుగా ఉన్నది చూడు. తప్పు కొట్టినా కాస్త కాస్తుంది."

"అవి పారల్లా ఉంటాయన్నయ్యా. బ్లేడ్‌తో నేర్చుకుంటే మొదట్నుంచీ చెయ్యి సరిగ్గా తిరుగుతుంది కదా."

ఆయన ఇంకేం అనలేదు. తన 7 ఐరన్ తీసి నా చేతికిచ్చి, వెనకవైపు తిప్పి చూడమన్నాడు. చూసీ చూడనట్టు తిరిగి ఇచ్చేశాను.

ఆ మర్నాడే జపాన్‌లో ఫోర్జ్ చేసిన బ్లేడ్లు, అంటే వెనక గుంట లేని సన్నటి ఐరన్లు కొన్నాను, 3 నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా. పైనుంచి చూస్తే అంచు సన్నగా, మెరుస్తూ, ఎంత అందంగా ఉండేవో. పోత పోసిన తల అంటే నాసిరకమని, ఫోర్జ్ చేసిందే అసలైనదని ఎక్కడో విని నమ్మేశాను. టైగర్ వుడ్స్ బ్లేడ్లతో ఆడతాడు, నిక్ ఫాల్డో ఆడాడు అని నాకు నేనే సాక్ష్యాలు పోగేసుకున్నాను. నాకు నచ్చని సాక్ష్యాల జోలికి పోలేదు. 1989లో రాయల్ ట్రూన్‌లో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన మార్క్ కాల్కవెకియా చేతిలో ఉన్నవి మా తోడల్లుడి బ్యాగులో ఉన్న ఐ 2 లాంటివే. టూర్‌లో ఆడేవాళ్లలో కూడా చాలామంది పొడవాటి ఐరన్ల వరకు కావిటీ బ్యాక్ పెట్టుకుని, పొట్టివాటికే బ్లేడ్ వాడతారు. ఇవన్నీ అప్పుడూ తెలుసుకోగలిగినవే. తెలుసుకోవాలని అనిపించలేదు, అంతే. నిజం చెప్పాలంటే మొదటి టీ దగ్గర నలుగురూ నా బ్యాగు వంక చూడాలన్నదే నా కోరిక. ఐరన్ల వీపులు వాళ్లకు కనపడేలా బ్యాగును తిప్పి నిలబెట్టేవాణ్ని.

బ్లేడ్ మధ్యలో తగిలితే చేతికి ఏమీ తెలియదు. బంతి వెళ్లిపోతుంది, చేతుల్లో మెత్తటి బరువొకటి మిగులుతుంది. ఆ సుఖం అబద్ధం కాదు. అది నాకు ప్రాక్టీసు రేంజ్‌లో బకెట్‌కి ఏ మూడు నాలుగు బంతుల్లోనో దొరికేది. ఇంటికొచ్చాక అవే గుర్తుండేవి. మిగతా బంతులన్నీ స్వింగ్ ఖాతాలో వేసేసేవాణ్ని. ఐరన్లు కొన్నది ఆ మూడు బంతుల కోసం, స్కోరు కార్డు మీద పడేది మాత్రం మిగతా అన్నీ.

ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాణ్ని. జడత్వ భ్రామకం మీద లెక్కలు చేసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని. ద్రవ్యరాశిని అక్షం నుంచి ఉన్న దూరం వర్గంతో గుణించాలి. అంటే బరువు అంతే ఉన్నా, దాన్ని అంచులకు జరిపితే తిప్పడం చాలా కష్టమవుతుంది. కావిటీ బ్యాక్‌లో జరిగేది ఇదే. తల వెనక మధ్యలోంచి లోహం తీసేసి టో (కొన) వైపు, హీల్ (షాఫ్టు) వైపు, కిందికి సర్దుతారు. బంతి టోకి తగిలినప్పుడు తల మెలి తిరగాలని చూస్తుంది. బరువు అంచుల్లో ఉంటే తక్కువ తిరుగుతుంది, బంతికి వేగం, దిశ తక్కువ పోతాయి. బ్లేడ్‌లో బరువంతా మధ్యలోనే దగ్గర దగ్గరగా ఉంటుంది కాబట్టి టోకి తగలగానే తల తిరిగిపోతుంది. పరీక్షలో రాయగలిగిన ఈ ముక్క కొట్లో నిలబడ్డప్పుడు నాకు తట్టలేదు.

ఇలా బరువును అంచులకు పంపి క్లబ్బులు చేయవచ్చని లోకానికి చూపించినవాడు కార్‌స్టెన్ సోల్‌హైమ్. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగి, జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా పనిచేశాడు. ఆయనా నాలాగే నలభై దాటాక, 42 ఏళ్లకు గోల్ఫ్ పట్టాడు. పటింగ్ కుదరకపోతే తన చేతుల్నే తిట్టుకుంటూ కూర్చోలేదు. పటర్ ఎక్కడ మెలి తిరుగుతోందో చూసి, బరువును టోకీ హీల్‌కీ పంచి 1959లో సొంతంగా ఒకటి చేసుకున్నాడు. ఆ ఆలోచనే ఐరన్లలోకి వచ్చి 1982లో ఐ 2 అయింది. మా తోడల్లుడు నా చేతికిచ్చి తిప్పి చూడమన్నది దాన్నే. నా వయసులో ఆట మొదలుపెట్టిన ఇంజనీరు నాలాంటివాళ్ల కోసం ఆలోచించి చేసిన వస్తువును నేను సరిగ్గా చూడను కూడా లేదు.

నా కళ్లు తెరిపించింది పాదాలకు చల్లుకునే పౌడర్ స్ప్రే డబ్బా. 7 ఐరన్ ముఖం మీద పల్చగా చల్లి కొడితే బంతి తగిలినచోట గుంటల గుర్తులతో సహా గుండ్రటి అచ్చు పడుతుంది. మొదటి అచ్చు టో వైపు, ముఖం మీది గీతలు అయిపోయేచోట, సగం గీతల మీద, సగం బయట. రెండోది కింద నుంచి రెండో గీత మీద. మూడోది షాఫ్టు తలలోకి దిగేచోటికి బాగా దగ్గరగా. ఆ తర్వాతవి మళ్లీ టో. తుడిచి చల్లి మళ్లీ కొట్టాను. మధ్యలో పడేది ఎప్పుడో ఒకటి. మధ్యలో తగిలిన బంతి 145 గజాలు పోతోంది, టోకి తగిలింది 125 దగ్గర కుడివైపు పడుతోంది. మా కోర్సులో పార్ త్రీ గ్రీన్ల ముందు బంకర్లున్నది సరిగ్గా ఆ ఇరవై గజాల్లోనే.

బ్లేడ్ శిక్షిస్తుంది కాబట్టి నేర్పుతుందని ఎంతమందికి చెప్పానో. శిక్ష ఎవరికి పనికొస్తుంది? ఒకే స్వింగ్‌ను పదిసార్లు తిప్పగలిగినవాడికి పదకొండోది ఎక్కడ చెడిందో చేతిలో తెలుస్తుంది. నా ప్రతి స్వింగూ వేరు. చేతులు జిల్లుమన్నాయని తప్ప ఎందుకు జిల్లుమన్నాయో నాకు ఎన్నడూ తెలియలేదు. జనవరి పొద్దున చలిలో కింది అంచుకి తగిలిన 4 ఐరన్ బొటనవేళ్ల మొదట్లో పుట్టించే నొప్పి కాఫీ కప్పు పట్టుకున్నప్పుడు కూడా ఉండేది. ఆ నొప్పి వల్ల తర్వాతి బంతికి చేతులు ముందే బిగిసిపోయేవి. నేర్చుకున్నదల్లా ఆ భయమే.

నేల సంగతి కూడా నేను చూడలేదు. ఉత్తర టెక్సాస్‌లో ఈ ప్రాంతమంతా నల్లరేగడి. గుంటూరు జిల్లాలో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. వానకు కాలికి అంటుకుని వదలదు, ఎండకు పగుళ్లు ఇస్తుంది. చలికాలంలో బెర్ముడా గడ్డి ఎండి పల్చబడుతుంది, బంతి కింద ఆసరా ఉండదు. బ్లేడ్ సోల్ సన్నం, ముందంచు పదును. బంతికి అంగుళం వెనక తగిలిందా, తడి రేగట్లో దిగబడి ఆగిపోతుంది. వెడల్పు సోల్ అయితే అదే దెబ్బకు నేల మీద జారి బంతిని ఎంతో కొంత ముందుకు తోస్తుంది. ఎండాకాలం గట్టిపడ్డ బోడి నేల మీద మరీ వెడల్పైన సోల్ తన్నుకుని పైకి లేస్తుందన్నదీ నిజమే. అందుకే మా ప్రాంతంలో మధ్యరకం వెడల్పు మేలని ఇప్పుడు నా అభిప్రాయం.

ఇక అబ్బాయి సంగతి. ఇది రాయడం కష్టంగా ఉంది.

వాడికప్పుడు పదకొండేళ్లు. రేంజ్‌కి వస్తానని తనే అడిగాడు. పిల్లల ఎత్తును బట్టి తేలికపాటి గ్రాఫైట్ షాఫ్టులతో సెట్లు దొరుకుతాయి. నేను విడిగా దొరికిన ఒక 6 ఐరన్, అదీ బ్లేడే, తెచ్చి షాఫ్టు కోయించి కొత్త గ్రిప్ వేయించి ఇచ్చాను. పెద్దవాళ్ల స్టీల్ షాఫ్టును పొట్టి చేస్తే ఇంకా బిగుసుకుంటుంది, తల బరువు మాత్రం అలాగే ఉంటుంది. ఆ బరువుకు వాడి మణికట్లు వంగిపోయేవి. బంతి నేల మీద దొర్లేది. "నాన్నా, చేతులు మండుతున్నాయి" అన్నాడు. "మధ్యలో తగిలితే మండవురా, మళ్లీ కొట్టు" అన్నాను. వాడు మళ్లీ కొట్టాడు. నేను చెప్పాను కాబట్టి చాలాసేపు కొట్టాడు. కొన్ని వారాలకు, హోంవర్క్ ఉందని రావడం మానేశాడు. నేను అడగలేదు. ఇప్పుడు స్కూల్లో క్రాస్ కంట్రీ పరిగెడతాడు, బాగా పరిగెడతాడు. గోల్ఫ్ మాట వాడు ఎత్తడు. పిల్లల సెట్ కొనిస్తానని ఆలస్యంగా అన్నాను, వద్దన్నాడు. ఆ రోజు వాడి మాట విని ఆ క్లబ్ చేతిలోంచి తీసుకుని ఉండాల్సింది.

పౌడర్ అచ్చులు చూశాకైనా బుద్ధి రావాలి కదా. వచ్చింది, సగమే వచ్చింది. బ్లేడ్లు అమ్మేసి, ఈసారి అన్నింటికంటే పెద్ద తల ఉన్న సెట్ కోసం వెళ్లాను. కొట్లో స్క్రీన్ మీద 7 ఐరన్ 165 గజాలు చూపించింది. ఇరవై గజాలు పెరిగింది! ఇంకేమీ అడక్కుండా కొన్నాను. నా పాత 7 ఐరన్ లాఫ్ట్, అంటే ముఖం వాలు, 34 డిగ్రీలు, దీనిది 28. పేరుకి 7, లాఫ్ట్ చూస్తే పాత 5 ఐరన్. తయారుచేసేవాళ్లు మోసం చేశారని అనను. తలలో బరువు కిందికి, వెనక్కి జరపడం వల్ల బంతి తేలిగ్గా పైకి లేస్తుంది, అందుకని లాఫ్ట్ తగ్గిస్తారు. చేతిలో వేగమున్నవాడికి అది లాభమే. నా 7 ఐరన్ వేగం గంటకు 75 మైళ్ల దగ్గర ఉంటుంది. నా బంతి తక్కువ ఎత్తులో వచ్చి, గ్రీన్ మీద పడి, ఆగకుండా వెనక గడ్డిలోకి దొర్లిపోయేది. ఆగస్టులో గట్టిబడ్డ గ్రీన్ల మీద మరీను. పైగా పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలు, నా దగ్గరున్న శాండ్ వెడ్జ్ 56. మధ్యలో 13 డిగ్రీల ఖాళీ. వంద గజాల బంతికి నా బ్యాగులో క్లబ్బే లేదు. మళ్లీ మంచి బంతినే చూసి కొన్నాను. ఈసారి మంచి బంతి అంటే దూరం పోయిన బంతి, అదొక్కటే తేడా.

చివరికి, క్లబ్బులను మనకు తగ్గట్టు అమర్చే ఫిట్టింగ్‌కి వెళ్లాను, స్వింగ్ బాగుపడ్డాక వెళదామని వాయిదా వేసీ వేసీ. స్వింగ్ సరిగ్గా లేనివాడికే అది ఎక్కువ అవసరమని అక్కడికి వెళ్లాకే అర్థమైంది. 130 గ్రాముల బిగుతు స్టీల్ షాఫ్టులతో నేను బ్లేడ్లు ఆడిన సంగతి విని అక్కడి ఫిట్టర్ ఏమీ అనలేదు. 95 గ్రాముల రెగ్యులర్ షాఫ్టు చేతికిచ్చాడు. బంతి కుడికి పోవడంలో కొంత భాగం నా తప్పు కాదట, లై కోణం (షాఫ్టు నేలతో చేసే కోణం) నాకు చదునుగా ఉండి టో నేలకు తగులుతోందట. ఒక డిగ్రీ నిటారు చేశాడు. ఇప్పుడు నా ఐరన్లు మామూలు కావిటీ బ్యాక్, 7 ఐరన్ 31 డిగ్రీలు, 155 పోతుంది, ఆగుతుంది. సెట్ 6 నుంచి మొదలు. దానిపైన, పొడవాటి ఐరన్లకు బదులు వాడే హైబ్రిడ్లే. పద్నాలుగు క్లబ్బులకు మించి పెట్టుకోకూడదన్నదే రూలు. 3, 4 ఐరన్లు ఉండి తీరాలని ఏ రూలూ లేదు.

మా తోడల్లుడు హ్యాండిక్యాప్ 12కి వచ్చాక కూడా కావిటీ బ్యాక్‌లోనే ఉన్నాడు. ఆ స్థాయిలో ఉన్నవాళ్లు కాస్త చిన్న తల, తక్కువ ఆఫ్‌సెట్ (షాఫ్టు కంటే ముఖం వెనక్కి ఉండటం) ఉన్నవి చూడవచ్చు, పొట్టి ఐరన్లు ఒకరకం, పొడవాటివి ఇంకాస్త సాయం చేసేవి కలుపుకోవచ్చు. నా మట్టుకు సెట్ పరీక్ష అంటే 5 ఐరన్ పరీక్ష. 7 ఐరన్ కొట్లో అందరి చేతిలోనూ బాగానే పోతుంది. 5 ఐరన్ గ్రీన్ మీద ఆగేలా పడకపోతే దాని డబ్బుతో హైబ్రిడ్ కొనుక్కోవాలి.

ఈమధ్య ఆట కొత్తగా పట్టిన మనవాళ్లు ఏ ఐరన్లు కొనమంటావని నన్ను అడుగుతున్నారు. ఒకప్పుడు వెంటనే పేరు చెప్పేవాణ్ని, బ్లేడే కొనమని కూడా చెప్పాను. ఆ మాట విని కొన్నవాళ్లకు ఫోన్ చేసి పొరపాటు చెప్పానన్నాను. అందులో ఒకతను అప్పటికే ఆట మానేశాడు. ఇప్పుడు అడిగినవాళ్లకు ఎవరిదైనా 7 ఐరన్ అడిగి తీసుకుని, పౌడర్ చల్లి, ఇరవై బంతులు కొట్టి, ప్రతి అచ్చునూ ఫొటో తీసి పంపమంటున్నాను. అందులో బాగా తగిలినవి తీసేసి పంపొద్దని కూడా చెబుతున్నాను, చెడ్డవి తీసేసి పంపొద్దని రెండుసార్లు చెబుతున్నాను. ఆ ఫొటోలు వచ్చేదాకా ఏ సెట్ పేరూ చెప్పను.