తోడేలు సరే, బిల్లు సంగతేంటి?

లాజిక్కు బాబాయి సినిమాకి తనిఖీ మీద వెళ్తాడు. అసలు పేరు రేషన్ కార్డులో ఉంది గాని, చుండూరులో ఆ పేరుతో అడిగితే ఇల్లు చూపించేవాడు లేడు. ఒకప్పుడు కాలవల్లో పూడిక తీయించే చిన్న చిన్న కాంట్రాక్టులు చేశాడు. ఆఖరి బిల్లు ఏదో ఆఫీసులో ఇరుక్కుపోతే అప్పట్నుంచి టీకొట్టు దగ్గర విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఇలాంటి మనిషి అమృతలూరులోనూ ఉంటాడు, వేమూరులోనూ ఉంటాడు. బెంచీ ఉన్న టీకొట్టుకి ఒకడు తప్పడు.

2022 నవంబరు 25న ‘తోడేలు’ వచ్చింది. హిందీ ‘భేడియా’కి డబ్బింగు. అంతకు ముందు నెలలోనే ‘కాంతార’ చూసి ఊగిపోయిన కుర్రకారు, ఇదీ అడవి సినిమాయే కదా అని తెనాలి బయల్దేరారు. బుర్రిపాలెం హీరో కృష్ణగారు పోయి అప్పటికి పది రోజులే. “కౌబాయ్‌ని 1971లోనే తెచ్చిన మనిషిరా! ఇంకొన్నాళ్ళు సినిమాలు తీసుంటే తోడేలుని వదిలేవాడా?” అని నిట్టూర్చి, బాబాయి కూడా ఎవడిదో బండి వెనకాల ఎక్కేశాడు.

కథలో వరుణ్ ధావన్ రోడ్ల కాంట్రాక్టరు. ఇల్లు తాకట్టు పెట్టి మరీ అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరోకి పోతాడు, అడవిలోంచి రోడ్డు వేద్దామని. తోడేలు పిరుదు మీద కరుస్తుంది. వైద్యం చేసేది పశువుల డాక్టరు కృతి సనన్. అక్కణ్ణుంచి మనవాడు రాత్రుళ్ళు తోడేలు.

కుర్రాళ్ళకి నచ్చలేదు. “టిక్కెట్టు తోడేలు కోసం కొన్నాం బాబాయ్, సినిమా అంతా మనిషే!”

“మనిషిని ఎక్కడ చూపించార్రా?” బాబాయి టీగ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే అరగంట ఎవరూ కదలకూడదు. “టెండరు ఎవడు పిలిచాడు? డిపాజిట్ ఎంత కట్టాడు? పని కొలిచి ఎం-బుక్ రాసిందెవడు? ఇల్లు తాకట్టు అన్నాడు, వడ్డీ ఎంతో చెప్పాడా? రాత్రంతా ఊళలేసుకుంటూ తిరిగినోడు పొద్దున్నే కంకర లారీ ఎలా దించుకున్నాడు? మారినప్పుడల్లా ప్యాంటు చిరుగుతోంది, ఆ ఖర్చు ఎవడి ఖాతాలో?”

మనిషి జంతువైపోవడం మీద మాత్రం ఆయనకి అభ్యంతరం లేదు. విఠలాచార్య సినిమాలు నేల టిక్కెట్టులో చూసిన తరం మరి. డబ్బు దగ్గర పేచీ పెట్టిన నటుణ్ణి చిలకగానో మేకగానో మార్చేసి, మిగతా సినిమా దానితోనే లాగించేసేవారని విఠలాచార్య గురించి ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, బాబాయికి అది వేదవాక్కు. “అదీ లాజిక్కంటే! బిల్లు అడిగాడు, మేకైపోయాడు. కారణం ఉంది. ఇక్కడ ఏ కారణంతో కరిచిందిరా?”

“అడవి నరుకుతున్నాడని కరిచింది బాబాయ్.”

“నరికింతర్వాత కదా కరవాలి! పని మొదలుపెట్టకుండానే పెనాల్టీ ఏంటి?”

నన్నడిగితే ఆయన గోలలో కొంత న్యాయం ఉంది. ఆ సినిమాలో నేను నవ్విన చోట్లన్నీ మనిషివే: ఎక్కడ కరిచిందో చెప్పుకోలేని సిగ్గు, పశువుల డాక్టరు ముందు బోర్లా పడుకోవాల్సిన ఖర్మ. తోడేలంటే గ్రాఫిక్సు, సిగ్గు మాత్రం ఒరిజినల్.

ఈయన నోరు ఎలాగైనా మూయించాలని ఒక కుర్రాడు ఫోనులో ‘వుల్ఫ్’ పెట్టిచ్చాడు. 1994లో మైక్ నికల్స్ తీసింది. జాక్ నికల్సన్ పుస్తకాల కంపెనీలో పెద్ద ఎడిటరు. కంపెనీ చేతులు మారుతుంది. తను చేరదీసినవాడే తన కుర్చీ కాజేస్తాడు. ఈలోగా తోడేలు కరిచి ఉండటంతో కళ్ళజోడు అక్కర్లేకుండా అక్షరాలు కనిపిస్తాయి, ఎవడెక్కడ తిరిగొచ్చాడో వాసనకే తెలిసిపోతుంది, అన్నిటికీ మించి తెగింపు వస్తుంది. కుర్చీ తిరిగొస్తుంది.

ఇంగ్లీషు ముక్క రాకపోయినా బాబాయి రెప్ప వాల్చలేదు. ఎం-బుక్ ఊసెత్తలేదు. ఆఫీసు బాత్రూములో హీరో, తోడేలు తన హద్దు గుర్తుపెట్టుకున్నట్టే, కుర్చీ కాజేసినవాడి బూట్ల మీద పోసే సీను వచ్చేసరికి, “వెనక్కి తిప్పు” అన్నాడు. తిప్పారు. “ఇంకోసారి” అన్నాడు. టీ చల్లారిపోయింది.

సోమవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, బిల్లు కాగితాల సంచీతో ఆఫీసుకి బయల్దేరాడు. సంగతి అప్పటికే పిన్ని చెవిన పడింది. ఆయన చేతిలోంచి మజ్జిగ గ్లాసు లాక్కుని, “ముందు దొడ్లోకెళ్ళొచ్చి, అప్పుడు బస్సెక్కండి” అంది.