నూట నలభై కోట్ల జేబులు

140 కోట్ల మంది వినియోగదారులు అనేది పెట్టుబడుల సదస్సుల్లో వాడే కొలమానం. లెక్క తీసే పద్ధతి సులువు: తలలు లెక్కపెట్టి, ఒక్కో తలకు ఒక నిండు జేబు తగిలించాలి. చంటిపిల్లలకు, మంచం పట్టిన ముసలివారికి, ఉపాధి హామీ కూలి డబ్బుల కోసం బ్యాంకు చుట్టూ తిరిగేవారికి కూడా తలా ఒకటి దక్కుతుంది.

ఈ పద్ధతిలో ఒకే మనిషికి రెండు పేర్లు. సదస్సు వేదిక మీద వినియోగదారుడు, రేషన్ షాపు వరుసలో లబ్ధిదారుడు. 81 కోట్ల మందికి ఉచితంగా తిండిగింజలిచ్చే పథకాన్ని 2024 జనవరి నుంచి మరో ఐదేళ్లు పొడిగించారు. బియ్యానికే సాయం కావాల్సిన ఇంటికి ఫ్రిజ్ అమ్మవచ్చన్నది సదస్సువారి సిద్ధాంతం.

2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పల్లెలో మనిషి నెల ఖర్చు సగటున 4,122 రూపాయలు, పట్టణంలో 6,996. పల్లె ఖర్చులో దాదాపు 47 శాతం తిండికే సరి. మిగిలిన రెండువేల చిల్లరలోనే బట్టలు, మందులు, బస్సు ఛార్జీలు, పిల్లల ఫీజులు, ఫోన్ రీఛార్జి. ఇవన్నీ పోగా మిగిలేదానికే ప్రపంచం ఎగబడుతోందట.

ఈ మార్కెట్టుకు ఇలవేల్పు షాంపూ ప్యాకెట్టు. 1983లో కడలూరులో సి.కె. రంగనాథన్ 15,000 రూపాయలతో వ్యాపారం మొదలుపెట్టి చిక్ షాంపూను కుంకుడుకాయలు నలగ్గొట్టుకునే ఇళ్లకు చేర్చాడు. అందులో తప్పుపట్టేదేమీ లేదు. 2004లో సి.కె. ప్రహ్లాద్ పిరమిడ్ అడుగున సంపద ఉందని పుస్తకం రాశాకే, కిరాణా కొట్టు గుమ్మానికి వేలాడే తోరణాలు మేనేజ్‌మెంట్ పాఠాలకెక్కాయి.

2025 సెప్టెంబరు 22న షాంపూపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. లెక్క ప్రకారం రూపాయి ప్యాకెట్టు 89 పైసలు కావాలి. 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలు 2011లోనే చలామణీ నుంచి పోయాయి. ఆ 11 పైసల పండుగను కొట్టువాడు చిల్లరగా ఇవ్వలేడు, కొన్నామె అడగలేదు. ధర అలాగే ఉంచి ప్యాకెట్లో ఇంకో చుక్క పోస్తే, పోశారో లేదో కొలుచుకునే తీరిక ఎవరికి?

సీసాకు సరిపడా డబ్బు ఒకేసారి చేతిలో ఉండదు కాబట్టే ప్యాకెట్టు కొంటారు. తల్లి సగం వాడి, నోరు మడిచి, సబ్బుపెట్టె కింద దాచి, ఆ మిగతా సగంతో కూతురి తల రుద్దుతుంది. రోజుకూలీ ఇంటి ఈ గుట్టును పట్టుకొచ్చి ‘పెరుగుతున్న కొనుగోలు శక్తి’ అని గ్రాఫు గీయడం సిగ్గుమాలిన పని. లేమి అనే మాట నోట రాకపోతే, కనీసం గ్రాఫులన్నా మానాలి.

ప్యాకెట్టు తర్వాత కారు వంతు. టాటా నానోను 2008లో లక్ష రూపాయల కారుగా చూపించి, ఏటా రెండున్నర లక్షల కార్లు తీసే ఫ్యాక్టరీ సాణంద్‌లో కట్టారు. 2018లో తయారీ ఆగింది. డబ్బు చేతిలో లేకున్నా కొనిపించే ఇంకో దారి వాయిదాలు; వడ్డీ లేని వాయిదాల్లో వడ్డీ ఎక్కడ దాక్కుంటుందో సెల్‌ఫోన్ కొన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇక పాలకుల పిలుపు, ఎక్కువమంది పిల్లల్ని కనమని. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్ర సంతానోత్పత్తి రేటు 1.7 అన్నది నిజమే. ముసలితనం ముంచుకొస్తుందన్న భయమూ నిజమే. పుట్టేవాళ్లు పెద్దయ్యాక చేయబోయే ఉద్యోగం ఊసు మాత్రం పిలుపులో వినబడదు. బిడ్డ పుట్టిన క్షణమే సదస్సు లెక్కలోకి ఎక్కుతుంది. రేషన్ కార్డులోకి ఎక్కాలంటే తండ్రి సచివాలయం చుట్టూ తిరగాలి.