సుద్ద రాలని బోర్డుకు

నీ మీంచి సుద్ద రాలదు. ముందుగా ఈ మాటే చెప్పుకోవాలి నేను. ముప్పై రెండేళ్లు బయాలజీ చెప్పి 2025లో రిటైరయ్యాను. అందులో ముప్పై ఏళ్లు సుద్దపొడి పీల్చాను. సాయంత్రం అడిక్‌మెట్‌లో మా ఇంటికొచ్చి మొహం కడుక్కుంటే నీళ్లు తెల్లగా దిగేవి. గాజుల సందుల్లో సుద్ద, కుచ్చిళ్ల మీద సుద్ద, చలికాలం వస్తే రాత్రంతా దగ్గు. నువ్వు వచ్చాక ఆ దగ్గు పోయింది. ఆ ఒక్క మేలుకే నీకు దండం పెట్టొచ్చు, పెడుతున్నాను.

డెబ్బై అయిదు అంగుళాల తెరవి. వేలు తాకితే వెలుగుతావు, చెరిపితే మచ్చ మిగలదు. కణవిభజనలో క్రోమోజోములు రెండు కొసలకూ లాక్కుపోవడం నీ మీద చూశాను. డిగ్రీలో ఉల్లి వేరు కొసను సూక్ష్మదర్శిని కింద పెట్టుకుని గంటల తరబడి వెతికినా నాకంత స్పష్టంగా కనబడలేదు. ఆ రోజు పిల్లలతో పాటు నేనూ నోరు తెరుచుకుని చూశాను. నువ్వెందుకు అనేవాళ్లు ఆ పది నిమిషాలు మా తరగతిలో కూర్చుని ఉంటే, ఆ ప్రశ్న మళ్లీ వేసేవాళ్లు కాదు.

దేవుణ్ణి ఎదురుగా నిలబెట్టి, ఆయన గొప్పలు ఏకరువు పెడుతూనే కడిగేయడం మన కవులకు పాత అలవాటు. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం నిండా కృష్ణా తీరపు శ్రీకాకుళంలోని స్వామిని అలాగే పొగిడాడు. స్వామి మీద నమ్మకం లేనివాడు ఆ పద్యాలు రాయలేడు. నాకు నీ మీద నమ్మకం ఉంది. అందుకే నీ గుణాలు ఉన్నవి ఉన్నట్టు చెప్తాను.

నువ్వు తడబడవు. పదో తరగతిలో ప్రసరణ పాఠం రోజు నీ మీద గుండె వచ్చింది. కుడివైపు నీలం, ఎడమవైపు ఎరుపు, లబ్ డబ్ అని కొట్టుకుంటూ. నాలుగు నిమిషాల్లో రక్తం ఒళ్లంతా తిరిగి మళ్లీ గుండెకు చేరింది. ఎక్కడా ఆగలేదు, ఒక్క చుక్క నేల మీద పడలేదు. "అర్థమైందా?" అన్నాను. "అయింది టీచర్" అన్నారు యాభై మందీ ఒకే గొంతుతో. ఆ ఒకే గొంతును నమ్మకూడదని నాకు తెలుసు. అయినా నమ్మాను. అంత బాగా చూపించావు నువ్వు.

బెల్లు కొట్టాక వెనక బెంచీ పిల్ల ఒకతి వరండాలో నా వెనకాలే వచ్చింది. మణికట్టు పైకెత్తి చూపించి, "టీచర్, ఈ నరాలు నీలిగ ఉన్నయి గదా, నీలి రక్తమేనా? మరి దెబ్బ తాకితే ఎర్రగనే ఒస్తది. నీలిది ఎటు పోతది?" అంది.

నేను అక్కడే నిలబడిపోయాను. ఆక్సిజన్ తగ్గిన రక్తం ముదురు ఎరుపే గానీ నీలం కాదు. బొమ్మలో తేడా తెలియడానికి నీలం వేస్తారు. పుస్తకంలోనూ అదే రంగు, తప్పు నీది కాదు. కానీ సుద్దతో గుండె గీసిన రోజుల్లో నా దగ్గర తెల్ల సుద్ద ఒక్కటే ఉండేది. ఇటువైపుది మంచి ఎరుపు, అటువైపుది నల్లబడిన ఎరుపు అనుకోండ్రి అని నోటితో చెప్పాల్సి వచ్చేది. లేదు గనక చెప్పేదాన్ని. నీ దగ్గర అన్నీ ఉన్నాయి. నేను చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదనిపించింది. అలా అనిపించేలా చేయగలగడం నీ గొప్పతనం. ఆ రోజు దానివల్ల యాభై మంది పిల్లలు నీలి రక్తంతో ఇంటికి పోయారు.

మర్నాడు పొద్దున రాంనగర్ మార్కెట్‌లో మటన్ కొట్టుకెళ్లాను. ముక్కలు చెయ్యొద్దు, నాళాలు ఉండనియ్యి, బడికి కావాలంటే కొట్టాయన కత్తి పక్కన పెట్టి రెండు మేక గుండెలు ఏరి, కడిగి, నా స్టీలు డబ్బాలో పెట్టాడు. ఇది నా సొంత తెలివేం కాదు. మా పుస్తకంలోనే ఉన్న కృత్యం. బల్ల చుట్టూ పిల్లల్ని నిలబెట్టాను. ఒక పిల్ల ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది, పోలేదు. ఇంకొకడు కూల్‌డ్రింక్ స్ట్రాలు తెచ్చి ఒక్కో నాళంలో దూర్చాడు. ఏ నాళంలో పెడితే ఏ గదిలో తేలుతుందో చూశాం. బ్లేడుతో కోస్తే ఎడమ జఠరిక గోడ నా చిటికెన వేలంత మందం, కుడిది అందులో సగం కూడా లేదు. ఎందుకని అడగకముందే, "ఒళ్లంతటికి కొట్టాలె గదా టీచర్" అన్నాడు లెక్కల్లో ఎప్పుడూ తప్పే పిల్లాడు. కవాటంలోకి వేలు పెట్టిన పిల్ల అరిచింది: "టీచర్, ఇటు నుంచి పోతున్నది, అటు నుంచి రానిస్తలేదు!" బల్ల మీద, నేల మీద, నా చీర మీద రక్తం. ముదురు ఎరుపు.

దీనికి రెండు పీరియడ్లు పట్టింది. నీకు నాలుగు నిమిషాలు చాలింది. ఆ వారం సిలబస్‌లో ఎందుకు వెనకబడ్డావని నన్ను అడిగారు కూడా.

నీ వేగాన్ని ఎంత పొగిడినా తక్కువే. బోర్డు మీద నేను గీస్తున్నంతసేపూ పిల్లలూ నోట్సుల్లో గీసేవాళ్లు. నా చెయ్యి ఎంత మెల్లగా నడిస్తే వాళ్ల చెయ్యి అంతే మెల్లగా నడిచేది. సుద్ద విరిగి ఇంకో ముక్క తీసుకునే లోపు వెనక్కి తిరిగితే ఎవరు ఎక్కడ ఆగారో కనబడేది. ఒకడు మహాధమని దగ్గర, ఒకతి ఇంకా శీర్షిక దగ్గర. నువ్వు బొమ్మంతా ఒక్కసారే పరుస్తావు. పిల్లలు పెన్ను పట్టుకుంటారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, పెన్ను కింద పెట్టేస్తారు. నీకు ఆగే మీట ఉంది, నిజమే. దాన్ని నేనే నొక్కాలి. నొక్కాలని గుర్తురావాలంటే నా కళ్లు పిల్లల మీద ఉండాలి. చీకటి చేసిన గదిలో నేనూ నీ వైపే చూస్తుండేదాన్ని.

నీ తాతను కూడా ఎరుగుదును. 1975లో నాకు పదకొండేళ్లు, మాది మహబూబ్‌నగర్ జిల్లాలో పల్లె. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మన దేశం ఒక ఏడాది వాడుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ చూపించింది. దాన్ని సైట్ అనేవారు. బడి కప్పు మీద కోళ్ల జాలీతో చేసిన పెద్ద గొడుగు, కింద చెక్కపెట్టెలో టీవీ. పొద్దున పిల్లలకు తెలుగులో ఇరవై రెండున్నర నిమిషాలు. అది అయిపోగానే మా సారు టీవీ మూసేసి, పెట్టె మీద చెయ్యి ఆనించి, "ఏం చూసిన్రు? చెప్పున్రి" అనేవాడు. ఒకడు చెప్పింది ఇంకొకడు కాదనేవాడు. ఆ కొట్లాట గంటసేపు నడిచేది. 1976 జులై 31తో సైట్ ముగిసింది. పెట్టె మూగబోయింది. సారు మాత్రం మర్నాడు కూడా వచ్చాడు. ఏ పాఠమైనా "చెప్పున్రి" అనే అడిగేవాడు. నేను టీచరునవడానికి ఆ టీవీ కారణమా, ఆ "చెప్పున్రి" కారణమా అని ఎవరన్నా అడిగితే రెండూ అంటాను. ఏది ముందు అని అడిగితే సారు పేరే చెప్తాను.

నువ్వు మాట్లాడే ఇంగ్లిషు నాకన్నా స్వచ్ఛమైనది. 2022-23 నుంచి మా ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చాక నీ అవసరం ఇంకా పెరిగింది. నువ్వు ఒక వాక్యం చెప్తావు, నేను ఆపి తెలుగులో చెప్తాను, మళ్లీ నువ్వు. పిల్లల చూపు నీ వాక్యానికి నీ మీద, నా వాక్యానికి నా మీద. ఎప్పుడు తలలు ఊగుతాయో యాభై మంది మెడలు చూస్తే తెలిసిపోయేది. నారాయణగూడ మీదుగా పోయినప్పుడల్లా మాడపాటి హనుమంతరావు గారి ఆడపిల్లల బడి గుర్తొస్తుంది. 1928లో, ఉర్దూ రాజ్యమేలుతున్న హైదరాబాదులో, ఆడపిల్లలకు తెలుగులోనే చదువు చెప్పాలని పెట్టిన బడి. ఇక్కడి విశ్వవిద్యాలయం గుర్తింపు దొరక్కపోతే ఎక్కడో ఉన్న కర్వే గారి మహిళా విశ్వవిద్యాలయంతో ముడిపెట్టి నడిపారు. పిల్లకు అర్థమయ్యే మాట కోసం ఆ పెద్దలు అంత దూరం పోయారు. నీలో తెలుగు పాఠాలు నింపడానికి ఆ దూరంలో వందో వంతు నడిస్తే చాలు.

లెక్కలో నీ అంత నమ్మకస్తులు లేరు. డిజిటల్ క్లాసు జరిగినట్టు ఫొటో పెట్టమనేవారు. అందులో నువ్వు వెలుగుతూ ఉండాలి, పిల్లలు కనబడాలి, నేను నీ పక్కన ఉండాలి. ఫొటో బాగా రాకపోతే మళ్లీ తీయాలి. నువ్వెన్ని గంటలు వెలిగావో అడిగారు. వరండాలో ఆ పిల్ల అడిగినలాంటి ప్రశ్నల గురించి ముప్పై రెండేళ్లలో నన్నెవరూ అడగలేదు. హాజరు కూడా ఫోన్లోనే, మొహం చూసి గుర్తుపట్టే యాప్. అది పిల్లను గుర్తుపడుతుంది, నేనొప్పుకుంటాను. పేరు పిలిస్తే పలికే "ప్రెజెంట్ టీచర్"లో మాత్రం నాకు జ్వరం వినిపించేది, రాత్రి ఇంట్లో జరిగిన గొడవ వినిపించేది, పొద్దున ఏమీ తినలేదని వినిపించేది.

తెరలో నింపే పాఠాలు ఎవరివన్నదీ చూసుకోవాలి. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ బైజూస్ కంపెనీ పాఠాలు నింపిన ట్యాబులు 5 లక్షలకు పైగా పంచారు. 2024 జులైలో ఆ కంపెనీయే దివాలా ప్రక్రియలోకి పోయింది. పాఠం చెప్పేవాళ్లను కంపెనీ దగ్గర అరువు తెచ్చుకుంటే, కంపెనీ కష్టం పిల్లల పుస్తకంలోకి వస్తుంది.

నీకు రుణపడిన రోజులూ ఉన్నాయి, అవి దాచను. 2020 సెప్టెంబర్ 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. బడి తలుపు తెరుచుకోని ఆ కరోనా నెలల్లో నీ జాతే లేకపోతే మా పిల్లలు అక్షరం మర్చిపోయేవాళ్లు. వర్క్‌షీట్లు పట్టుకుని ఇంటింటికీ పోయాం. ఒక ఇంట్లో ఉన్న ఒకే ఫోను ఆటో నడిపే తండ్రి జేబులో ఉండేది. ఆయన రాత్రి పదింటికి వచ్చేవాడు. పాఠ్యపుస్తకంలో ప్రతి అధ్యాయం మొదట క్యూఆర్ కోడ్ ఉంది కదా, ఆ ఇంటి అన్నాచెల్లెళ్లు పదింటి దాకా మేలుకుని, నాన్న అన్నం తినే ఇరవై నిమిషాల్లో దాన్ని స్కాన్ చేసుకునేవాళ్లు. ఆ ఇరవై నిమిషాల చదువు నీదే. నీకా పుణ్యం ఉంది.

ఇప్పుడు సాయంత్రం నడకకు చిక్కడపల్లి వైపు పోతుంటాను. అశోక్‌నగర్ కోచింగ్ హాళ్లలో వెనక వరసలవాళ్లకు సారు కనబడడు, స్తంభానికి బిగించిన టీవీలో కనబడతాడు. రూముకు పోయి అదే పాఠం ఫోన్లో రెండింతల వేగంతో వింటారు. వాళ్లలో నా పాత విద్యార్థి ఒకడున్నాడు. ఫీజు కట్టలేక టీ-శాట్‌లో ఉచితంగా వింటూ గ్రూప్స్‌కు చదువుతున్నాడు. వాడి కళ్లలోని ఆశలో నువ్వు పెట్టిన దీపం ఉంది. కానీ సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర వాడు నాకు ఎదురైనప్పుడు ముగ్గురు మిత్రులను చుట్టూ కూర్చోబెట్టుకుని, జిరాక్స్ కాగితం వెనక పెన్నుతో గీతలు గీస్తూ రాజ్యాంగ సవరణ పద్ధతి చెప్తున్నాడు. ఒకడు అడ్డుపడ్డాడు. వీడు ఆగాడు, కొట్టేశాడు, మళ్లీ గీశాడు. పొద్దంతా నీ దగ్గర విని, సాయంత్రానికి ఒకరినొకరు ప్రశ్నించుకోవడానికి వాళ్లు అక్కడికి వస్తున్నారు.

నా చివరి పని దినాన నిన్ను మెత్తటి గుడ్డతో తుడిచాను. పాత నల్లబోర్డు కింది సగం అరిగి తెల్లబడి ఉండేది. పిల్లల చేతులు అందినంత మేర వాళ్లు రాసి, చెరిపి, అరచేత్తో రుద్ది అరగదీశారు. నీ మీద వేలిముద్రలన్నీ నా ఎత్తులో ఉన్నాయి. అన్నీ నావే. కిందికి ఒక్కటీ లేదు. పగిలితే ఎవరు జవాబుదారీ అని పిల్లల్ని నిన్ను ముట్టుకోనివ్వలేదు మేము. వచ్చిన నాటి నునుపే ఉంది నీకు.

ఆ వరండా పిల్లను పిలిచి నీ పెన్ను చేతికిచ్చాను. నీ గుండె బొమ్మ తెరిచాను. ఆ పిల్ల నీలం నాళం దగ్గర నిలబడి, ఒకసారి నా వైపు చూసి, "టీచర్, ముదురు ఎరుపు ఎక్కడున్నది?" అంది. నీ రంగుల పెట్టెలో ఎరుపు పైనే కనబడుతోంది, ముదురుది మాత్రం ఎక్కడో లోపల ఉంది. ఇద్దరం కలిసి వెతికాం.