సైనిక జైలు సినిమా చూశాక ఏం మాట్లాడాలి? ఏడు మొండి సలహాలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో సినిమా ముచ్చట లేని టీకొట్టు ఉండదు. పాటలు ఎట్లున్నాయి, ఫైట్లు పేలాయా, హీరో ఎంట్రీకి ఈలలు పడ్డాయా అనే లెక్కలు మనకు కొట్టినపిండి. సైనిక జైలు కథ దగ్గర మాత్రం ఈ లెక్కలు పనికిరావు. అక్కడ ఖైదీ నిన్నటిదాకా సైనికుడే, కాపలా కాసేవాడూ సైనికుడే. ఇద్దరూ ఒకే జెండాకు సెల్యూట్ కొట్టినవాళ్లు. 2001లో వచ్చిన 'ది లాస్ట్ క్యాజిల్' లాంటి సినిమా చూసి "జెర స్లోగుంది", "క్లైమాక్స్ అదిరింది" అని చేతులు దులుపుకుంటే నాకు మనసొప్పదు. ఈ కింది సలహాలు చాలామందికి తలకిందులుగా కనిపిస్తాయి. సినిమా మజా పాడుచేస్తున్నారని ఇంట్లోవాళ్లే విసుక్కోవచ్చు. అయినా పాటించమనే అడుగుతున్నాను.

1. "ఎట్లుంది?" అని అడగొద్దు, "తప్పెవరిది?" అని అడగండి

"ఎట్లుంది?" అంటే "మంచిగుంది" అంటారు. అంతటితో ముచ్చట ఒడుస్తుంది. తప్పెవరిదని అడిగితే మాట ముందుకు నడుస్తుంది. ఈ సినిమాలో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ వేసిన జనరల్ ఇర్విన్ అమాయకుడు కాదు. అధ్యక్షుడి ఆదేశాన్ని కాదని బురుండీలో ఆపరేషన్ నడిపాడు. ఎనిమిది మంది సైనికుల ప్రాణాలు పోయాయి. నేరం ఒప్పుకుని, పదేళ్ల శిక్షతో జైలుకొచ్చాడు. హీరో అనగానే నిర్దోషి అనుకునే అలవాటు మనది. ఆ ఎనిమిది మంది ఇళ్లలో ఈ సినిమా చూస్తే ఏమనుకుంటారో ఒక్కసారి ఆలోచించండి. ఇర్విన్ మీద గౌరవం తగ్గకపోవచ్చు కానీ, ఆ గౌరవం ఎంత ఖరీదైనదో తెలుస్తుంది.

2. విలన్ తరఫున కాసేపు వాదించండి

జైలు అధికారి కర్నల్ వింటర్‌గా జేమ్స్ గాండొల్ఫిని నటించాడు. అతని ఆఫీసులో పాత యుద్ధాల వస్తువులు అద్దాల పెట్టెల్లో పేర్చి ఉంటాయి. వాటిని కన్నబిడ్డల్లా చూసుకుంటాడు. ఇర్విన్ వచ్చిన మొదటి రోజే ఆ పెట్టెల్ని చూసి, ఇలాంటివి కూడబెట్టేవాడు యుద్ధభూమిలో కాలుపెట్టి ఉండడని అనేస్తాడు. లోపలున్న వింటర్‌కు ఆ మాట వినపడుతుంది. అప్పుడు అతని ముఖం చూడండి. అప్పటిదాకా ఇర్విన్ పుస్తకం మీద సంతకం పెట్టించుకోవాలని ఉబలాటపడిన మనిషి, ఆ ఒక్క మాటతో లోపల తలుపులు మూసుకుంటాడు.

వింటర్ పక్షాన చెప్పడానికి మాటలు లేకపోలేదు. హంతకులూ ఉన్న జైలును అదుపులో ఉంచే బాధ్యత అతనిది. వచ్చిన ఖైదీయేమో దేశమంతా నెత్తిన పెట్టుకున్న జనరల్. ఆ జైల్లో సెల్యూట్ నిషేధం. ఖైదీలు జుట్టు సవరించుకుంటున్నట్టు చెయ్యి పైకెత్తి జనరల్‌కు గౌరవం చూపిస్తుంటే, క్రమశిక్షణ చేజారుతోందని ఏ అధికారికైనా గుబులు పుడుతుంది. ఇదంతా గట్టిగా వాదించండి. వాదిస్తూ వాదిస్తూ కార్పొరల్ అగిలార్ దగ్గరికి రండి. నత్తితో మాట్లాడే, రాతిపని తెలిసిన ఆ కుర్రవాడు తాము కట్టుకున్న గోడను కూల్చొద్దని అడ్డం నిలబడి, రబ్బరు తూటా తలకు తగిలి చనిపోతాడు. మీ వాదన అక్కడ ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో చెప్పగలిగితే అదే మీ అభిప్రాయం. మొదట్నుంచీ వింటర్‌ను తిట్టినవాళ్లకు ఆ చోటు దొరకదు.

3. పక్కన మిలిటరీ కాకా ఉంటే, సినిమాను మధ్యలోనే ఆపండి

మిర్యాలగూడ రైస్ మిల్లుల గేట్ల దగ్గర, బ్యాంకుల ముందు కాపలా ఉన్నవాళ్లలో సైన్యంలో చేసి వచ్చినవాళ్లుంటారు. అలాంటి ఒకాయనను ఇంటికి పిలిచి, చాయ్ ఇచ్చి, సినిమా పెట్టండి. "మన దగ్గర గట్ల కాదు" అని ఆయన అనగానే రిమోట్ నొక్కండి. అసలు సినిమా అప్పుడే మొదలవుతుంది.

మన సైన్యంలో తప్పు చేసిన జవానును యూనిట్‌లో ముందుగా ఉంచేది క్వార్టర్ గార్డ్‌లో. 1950 నాటి ఆర్మీ చట్టం ప్రకారం కోర్టు మార్షల్ నాలుగు రకాలు: జనరల్, డిస్ట్రిక్ట్, సమ్మరీ జనరల్, సమ్మరీ. ఈ చివరిదాన్ని కమాండింగ్ ఆఫీసరే నడుపుతాడు. మరో ఇద్దరు హాజరైనా కోర్టు మాత్రం ఆయనొక్కడే. లెఫ్టినెంట్ కర్నల్ లేదా అంతకు పై హోదా ఉంటే ఏడాది దాకా జైలు వేయొచ్చు, అంతకన్నా కింది హోదా అయితే మూడు నెలల దాకా. రోజూ హుకుం ఇచ్చే మనిషే తీర్పరి. అలాంటి అధికారం మంచి మనిషి చేతిలో ఎట్లుంటది, వింటర్ లాంటివాడి చేతిలో ఎట్లుంటదని కాకాను అడగండి. జవాను మొర వినడానికి 2007 చట్టంతో సాయుధ దళాల ట్రిబ్యునల్ ఎందుకు పెట్టాల్సి వచ్చిందో అప్పుడు అర్థమవుతుంది. రెండు గంటల సినిమా చూడటానికి రెండు రాత్రులు పట్టినా నష్టం లేదు.

4. జెండా కనిపించగానే చప్పట్లు కొట్టకండి

ఈ సినిమా మొదటి పోస్టర్‌లో అమెరికా జెండా తలకిందులుగా ఉంది. ఆపదలో ఉన్నామని చెప్పడానికి సైనికులు వాడే గుర్తు అది, కథకు అదే ఆయువుపట్టు. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఆ పోస్టర్‌ను వెనక్కి తీసుకున్నారు. సినిమా అక్టోబర్ 19న విడుదలై, 7 కోట్ల 20 లక్షల డాలర్ల ఖర్చుకు 3 కోట్లు కూడా రాబట్టలేకపోయింది. ఆగస్టులో మామూలుగా అనిపించిన బొమ్మ అక్టోబరుకు అవమానంగా కనిపించింది. బొమ్మ మారలేదు, చూసే జనం మారారు. అందుకే చూసిన రాత్రే తీర్పు ఇవ్వకండి. వారం ఆగండి. చివర్లో జెండా పైకి వెళ్లే దృశ్యానికి వారం తర్వాత కూడా గొంతు పూడుకుపోతే, అప్పుడు చెప్పండి బాగుందని.

5. మన కర్నల్ పేరును వాదన గెలవడానికి వాడొద్దు

సూర్యాపేట బిడ్డ కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు 16 బీహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్‌గా 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా సైనికులతో ఘర్షణలో నేలకొరిగారు. ఆ ఘర్షణలో మొత్తం 20 మంది మన సైనికులు అమరులయ్యారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. ఊళ్లో ఆయన విగ్రహం ఉంది. సైన్యంలో అన్యాయం గురించి ఎవరైనా నోరెత్తగానే "మన సంతోష్‌బాబును అవమానిస్తున్నవా?" అని నోరు మూయించేవాళ్లను చూస్తుంటాం. ఇది తగదు. ముందు నిలబడి జవాన్లను నడిపించిన అధికారి పేరు, జవానును హింసించిన వింటర్ లాంటివాడికి డాలు కాకూడదు. ఆయన పేరు తలుచుకోవాలంటే, మంచి కమాండింగ్ ఆఫీసర్ ఎట్లుంటడో చెప్పడానికి తలుచుకోండి.

6. ఇంట్లో ఎనభై దాటిన తాతకు చూపించండి

ఇంగ్లిషు రాని తాతకు ఈ సినిమా ఎందుకని నవ్వుతారు. యూనిఫాం గురించి ఆయనకు తెలిసింది మనకు తెలియదు. 1948 సెప్టెంబర్ 13న విజయవాడ వైపు నుంచి కోదాడ, మునగాల మీదుగా భారత సైన్యం నిజాం రాజ్యంలోకి కదిలింది. మర్నాడు సూర్యాపేట దాని చేతికొచ్చింది. వెనక్కి పోతూ నిజాం బలగాలు మూసీ మీది వంతెనను కూల్చాయి. రజాకార్ల పీడ విరగడైందని ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. ఆ తర్వాత కమ్యూనిస్టుల వేట మొదలై, 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించేదాకా సాగింది. అదే సైన్యం ఈ పల్లెల్లో క్యాంపులు పెట్టింది, మనుషుల్ని పట్టుకుపోయి నిర్బంధించింది. పూలదండ వేసిన చేతులే మూడేళ్లలోపు భయంతో తలుపు గడియ పెట్టాయి. సైన్యమంటే దేవుడనో దయ్యమనో ఒక్క ముక్కలో తేల్చడం ఈ నేల మీద కుదరదు. తాత సినిమా చూస్తూ ఏ దృశ్యం దగ్గర మాట్లాడటం మొదలుపెడతాడో గమనించండి. ఆ మాట రాసిపెట్టుకోండి.

7. హాలీవుడ్ సెట్టింగు అని కొట్టిపారేయకండి

కోటలాంటి జైలు ఎక్కడుంటది అనొద్దు. ఈ సినిమా తీసింది టెనెసీ రాష్ట్రంలో మూతపడిన నిజమైన జైలులోనే. మనకూ ఉంది ఒకటి, సికింద్రాబాద్ తిరుమలగిరిలో. తుంగతుర్తి దగ్గరి మన తిరుమలగిరితో పొరబడకండి. 1858లో బ్రిటిష్ వాళ్లు తమ సైనికుల కోసమే కట్టిన ఆ సైనిక జైలు బయటికి విండ్సర్ కోటలా ఉంటుంది. లోపల ఒంటరి గదులు, ఉరిశాల. బయట వైభవం, లోపల ఒంటరితనం. సినిమా రెండు గంటలు చెప్పే సంగతిని ఆ కట్టడం నూట అరవై ఏళ్లకు పైగా చెబుతోంది.

శిక్ష పడ్డవాడు హోదా పోగొట్టుకుంటాడు, స్వేచ్ఛ పోగొట్టుకుంటాడు. మనిషిగా అతనికి దక్కాల్సిన మర్యాదను తీసేసే హక్కు మాత్రం ఏ కోర్టు మార్షల్ ఏ అధికారికీ ఇవ్వలేదు. సైనిక జైలు సినిమా మీద మీరు చెప్పే అభిప్రాయంలో నటన గురించి, సంగీతం గురించి ఎంత ఉన్నా సరే, ఈ మర్యాద గురించి ఒక్క మాట లేకపోతే అది అసంపూర్ణమే. ఆ ఒక్క మాట మర్చిపోకండి.